యుద్ధకాలంలో జర్మనీ వేగులు బ్రిటన్‌లో ఎందుకు నిలవలేకపోయారు?

వేగుచుక్క (విజయవాడ)

1940 సెప్టెంబరు 3 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లోని కెంట్ తీరంలో నలుగురు మనుషులు చిన్న పడవల్లో దిగారు. హోసె వాల్డ్‌బర్గ్, కార్ల్ మాయర్, చార్లెస్ వాన్ డెన్ కీబూమ్, షూర్డ్ పోన్స్. పంపింది అబ్వేర్, అంటే జర్మన్ సైన్యపు గూఢచారి సంస్థ. తర్వాత రాబోయే దండయాత్రకు దారి చూపాలి, సైన్యం ఎక్కడెక్కడ ఉందో వైర్‌లెస్‌లో చెప్పాలి. అదీ పని.

వాల్డ్‌బర్గ్‌కు ఇంగ్లిష్ రాదు. మాయర్‌కు వచ్చు గానీ, పొద్దున్నే లిడ్ అనే ఊళ్లో పబ్‌కు వెళ్లి సైడర్ అడిగాడు. ఆ వేళప్పుడు మద్యం అమ్మడం చట్టవిరుద్ధం. అక్కడ పుట్టి పెరిగినవాడెవడూ అలా అడగడు. పబ్ నడిపే ఆవిడకు అప్పుడే అనుమానం వచ్చింది. మర్నాటికల్లా నలుగురూ పోలీసుల చేతిలో ఉన్నారు. డిసెంబరులో ముగ్గురిని ఉరి తీశారు.

అంతకు కొద్ది నెలల ముందే ఫ్రాన్స్‌ను ఆరు వారాల్లో ఓడించిన దేశం ఇది. ట్యాంకుల దగ్గర, విమానాల దగ్గర అంత పట్టు ఉన్నవాళ్లు వేగుల దగ్గరకొచ్చేసరికి ఇంత నాసిగా ఎలా చేశారు? చాలామంది రాసేది "తెలివితక్కువ వాళ్లను పంపారు" అని. నేను ఒప్పుకోను. నా లెక్కలో లోపం దిగినవాళ్లది కాదు, వాళ్లను నడిపిన అబ్వేర్ హాంబర్గ్ శాఖలో బల్ల వెనక కూర్చున్నవాళ్లది. తమ ఏజెంటు నిజమైనవాడా కాదా అని గట్టిగా అడిగి తెలుసుకోవాలన్న కోరిక అక్కడ ఎవరికీ లేదు. చదివినవాళ్లు మీకు తెలిసింది చెప్పండి.

సోమశిల (నెల్లూరు)

మంచి విషయం ఎత్తారు. కానీ కథ 1940లో మొదలుకాలేదు, ఇంకో పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

1914లో కార్ల్ హాన్స్ లోడీ అనే నౌకాదళ రిజర్వు అధికారి అమెరికన్ టూరిస్టు వేషంలో ఎడిన్‌బరోకు వచ్చాడు. పాస్‌పోర్టు చార్లెస్ ఇంగ్లిస్ అనే పేరు మీద. స్టాక్‌హోమ్‌లోని ఒక చిరునామాకు టెలిగ్రాములూ ఉత్తరాలూ పంపాడు. ఉత్తరాలు కొన్ని నేరుగా జర్మన్ భాషలోనే రాశాడు! మొదట్నుంచీ తపాలా సెన్సారు వాళ్లు అన్నీ చదువుతూనే ఉన్నారు. ఒక్క ఉత్తరాన్ని మాత్రం కావాలనే పోనిచ్చారు. రష్యా సైనికులు స్కాట్లండ్ మీదుగా రైళ్లలో వెళ్తున్నారన్న పుకారు అందులో ఉంది. అబద్ధం కాబట్టి జర్మనీకి చేరడమే మేలు అనుకున్నారు. నవంబరు 6న లండన్ టవర్‌లో లోడీని కాల్చి చంపారు. ఆ యుద్ధం ముగిసేలోపు అదే టవర్‌లో మొత్తం 11 మంది జర్మన్ వేగులు అలా పోయారు.

1915లో హైకే యాన్సెన్, విల్లెమ్ రూస్ అని ఇద్దరు డచ్చివాళ్లు చుట్టల వ్యాపారులుగా వచ్చారు. పోర్ట్‌స్మత్ లాంటి రేవుల నుంచి హేగ్‌లోని కంపెనీకి చుట్టల ఆర్డర్లు తంతి కొట్టేవాళ్లు. ఫలానా రకం చుట్ట అంటే యుద్ధనౌక, ఇంకో రకం అంటే క్రూయిజరు. ఎన్ని చుట్టలంటే రేవులో అన్ని నౌకలు. నావికులు పైపులూ సిగరెట్లూ తాగే ఊళ్లో అన్నేసి చుట్టలు ఎవరికి అని సెన్సారులో ఒకరికి తోచింది. అంతే.

అందుకని నేననేది ఏమిటంటే, బ్రిటన్ ఒక దీవి. యుద్ధం రాగానే ఉత్తరం, తంతి, ఓడ అన్నీ ఒకే గుమ్మం గుండా పోవాలి. ఆ గుమ్మం దగ్గర మనిషిని కూర్చోబెడితే చాలు. హాంబర్గ్ బల్లను తప్పుపట్టే ముందు ఈ భూగోళం సంగతి చూడాలి కదా.

ఎర్రమట్టి (కర్నూలు)

సోమశిల గారూ, పట్టుకున్నవాళ్లను వెంటనే చంపేస్తే అవతలివాళ్లకు తెలిసిపోదా? మళ్లీ కొత్తవాళ్లను పంపుతారు కదా.

సోమశిల (నెల్లూరు)

తమ్ముడూ, సరిగ్గా అదే ఆలోచన వాళ్లకూ వచ్చింది. కార్ల్ ముల్లర్ అని ఒకడు, నిమ్మరసంతో కనపడని రాత రాసేవాడు. 1915 జూన్‌లో కాల్చేశారు. ఆ తర్వాత కూడా అతని పేరు మీద కల్పిత నివేదికలు పంపుతూ జర్మన్ల దగ్గర డబ్బు తెప్పించుకున్నారు. రెండో యుద్ధంలో పెద్ద ఎత్తున జరిగినదానికి విత్తనం అక్కడ పడింది.

మంజీర (ఎడిన్‌బరో)

నేనుండేది స్కాట్లండ్‌లనే కాబట్టి పోర్ట్‌గోర్డన్ ముచ్చట చెప్త. ఉత్తర తీరంల చిన్న చేపల ఊరది. 1940 సెప్టెంబరు 30 పొద్దుగాల ఒక మొగాయన, ఒక ఆడామె రైలు స్టేషనుకొచ్చిన్రు. ఇది ఏ స్టేషను అని అడిగిన్రు. శత్రువు దిగితె దారి తెల్వకుండాలని అప్పట్ల దేశమంతా స్టేషన్ల పేరు బోర్డులు తీసేసిన్రు. అందుకే అడగాల్సొచ్చింది. అయితె ఊరోళ్లకు ఇద్దరూ ఎన్నడు చూడని మొకాలు, పైగా బూట్లు, బట్టలు తడిసున్నయి. ఆయన టికెట్టుకు పైసలు తీస్తె పర్సు నిండ నోట్లు. స్టేషన్ మాస్టరు మెల్లగ పోలీసుకు కబురు పంపిండు. పెట్టె తెరిస్తె వైర్‌లెస్ సెట్టు, పిస్తోలు, జర్మన్ సాసేజ్.

ఆయన పేరు కార్ల్ డ్రూకె, ఆమె వేరా. సముద్రం మీద దిగే విమానంల వచ్చి, రబ్బరు పడవల ఒడ్డుకు చేరిన్రు. మూడో మనిషి వెర్నర్ వాల్టి వేరే దారిన ఎడిన్‌బరో దాంక వచ్చిండు. వేవర్లీ స్టేషన్ల సామాన్ల గదిల పెట్టె పెట్టి పోయిండు. పెట్టె తడిగ ఉందని అక్కడోళ్లకు అనుమానమొచ్చింది. తిరిగొచ్చేసరికి పోలీసులు కాపు కాసి ఉన్నరు. 1941 ఆగస్టు 6న మొగోళ్లిద్దరినీ వాండ్స్‌వర్త్ జైల్ల ఉరి తీసిన్రు. వేరా మీద మాత్రం కేసే పెట్టలే.

సోమశిల గారు, దీవి అన్నది నిజమే. అయితె ఇక్కడ సెన్సారు లేదు, కోడు లేదు. ఊరోళ్ల కండ్లు మాత్రమే ఉన్నయి. పంపినోళ్లు వాళ్లకు సరైన బూట్లన్న ఇచ్చి పంపలేదే అని నాకు బాధైతది.

తరంగం (హైదరాబాద్)

నాకు హామ్ రేడియో (ఔత్సాహికులు సరదాగా ఇంట్లో నడుపుకునే రేడియో) లైసెన్సు ఉంది కాబట్టి ఈ కథలో వైర్‌లెస్ భాగం నేను చెబుతాను. నా దృష్టిలో అసలు యుద్ధం జరిగింది అక్కడే.

అబ్వేర్ హాంబర్గ్ శాఖకు ఊరి ఉత్తరాన వోల్‌డోర్ఫ్ అనే చోట రేడియో కేంద్రం ఉండేది. విదేశాల్లోని ఏజెంట్ల సంకేతాలు వినేది, జవాబు పంపేది అక్కడి నుంచే. ఏజెంటుకు సూట్‌కేసులో పట్టే షార్ట్‌వేవ్ సెట్టు ఇచ్చేవారు. పవర్ తక్కువ, మోర్స్ తాళం (చుక్కలూ గీతలుగా సంకేతం కొట్టే మీట), చేతితో కట్టే కోడు. చిన్న పవరే అయినా షార్ట్‌వేవ్ ఆకాశంలో తగిలి వందల మైళ్ల అవతల వినిపిస్తుంది. హామ్‌లందరికీ తెలిసిన సంగతే ఇది. చిక్కల్లా ఏమిటంటే, హాంబర్గ్‌కు వినిపించేది పక్కనున్న ఇంకెవరికైనా కూడా వినిపిస్తుంది.

బ్రిటన్ చేసిన తెలివైన పని ఇక్కడుంది. యుద్ధం మొదలవగానే హామ్‌ల ప్రసారాలన్నీ ఆపించారు. కానీ వినే అలవాటున్న ఆ చెవులను వదులుకోలేదు. రేడియో సెక్యూరిటీ సర్వీసు అనే విభాగం కింద వేయికి పైగా హామ్‌లు పగలు తమ ఉద్యోగాలు చేసుకుని, రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని తెలియని సంకేతాలను కాగితం మీద రాసి పంపేవాళ్లు. పక్కింటివాళ్లకు కూడా చెప్పకూడదు. యుద్ధంలో చేరకుండా ఇంట్లో ఉన్నాడని నిందలు పడినా నోరు విప్పలేదు. రేడియో ముందు గంటలు గడిపినవాడికే తెలుస్తుంది ఆ ఓపిక విలువ. గరగర శబ్దంలోంచి ఒక బలహీనమైన మోర్స్ చేతిని గుర్తుపట్టి, మర్నాడు రాత్రి మళ్లీ అదే చేతిని వెతికి పట్టుకోవాలి. ప్రతి ఆపరేటరు కొట్టే తీరు వేరు, మనిషి దస్తూరిలాగా.

ఆ కాగితాలు బ్రిటన్ కోడ్లు ఛేదించే కేంద్రమైన బ్లెచ్‌లీ పార్కుకు చేరేవి. 1940 డిసెంబరుకల్లా ఆలివర్ స్ట్రాచీ బృందం అబ్వేర్ చేతి కోడ్లను చదవగలిగింది. 1941 డిసెంబరులో డిల్లీ నాక్స్ అబ్వేర్ వాడే ఎనిగ్మా అనే కోడు యంత్రాన్ని ఛేదించాడు. మేవిస్ లివర్, మార్గరెట్ రాక్ అనే ఇద్దరు యువతులు ఆ పనిలో ఆయనకు కుడిభుజాలు. ఆ తర్వాత అబ్వేర్ అధికారులు తమలో తాము మాట్లాడుకునేది కూడా లండన్‌లో చదివారు. ఫలానా రోజు ఫలానావాడు దిగుతాడని ముందే తెలిసిపోతే పట్టుకోవడమెంత సేపు?

సోమశిల (నెల్లూరు)

తరంగం గారు చెప్పినదాంతో నా మాటే బలపడింది. కోడ్ పగిలాక హాంబర్గ్‌లో ఎంత నిజాయితీగల అధికారి ఉన్నా చేయగలిగిందేమీ లేదు. వేగుచుక్క గారు మనుషుల తప్పు అంటున్నారు, నేను యంత్రం తప్పు అంటున్నాను.

వేగుచుక్క (విజయవాడ)

> కోడ్ పగిలాక హాంబర్గ్‌లో ఎంత నిజాయితీగల అధికారి ఉన్నా చేయగలిగిందేమీ లేదు

తేదీలు ఒకసారి చూడండి సోమశిల గారూ. కెంట్‌లో నలుగురు, స్కాట్లండ్‌లో ముగ్గురు దొరికింది కోడ్ పగలక ముందే. అంతకంటే ముఖ్యమైనవాడు ఆర్థర్ ఓవెన్స్. వేల్స్‌కు చెందిన బ్యాటరీల ఇంజినీరు, బ్రిటిష్ వాళ్లు పెట్టిన రహస్యనామం స్నో. యుద్ధానికి ముందే హాంబర్గ్‌లోని నికోలాస్ రిట్టర్‌కు పనిచేస్తున్నాడు. 1939 మొదట్లో లండన్ విక్టోరియా స్టేషన్ సామాన్ల గదిలో అతనికోసం ఒక సూట్‌కేసు వదిలారు, లోపల ట్రాన్స్‌మిటర్. సెప్టెంబరులో యుద్ధం మొదలైన వెంటనే ఓవెన్స్ ఎంఐ5 (శత్రు వేగులను పట్టే బ్రిటిష్ సంస్థ) చేతికి వచ్చాడు. హాంబర్గ్‌కు అతని మొదటి యుద్ధకాలపు సందేశాలు వెళ్లింది వాండ్స్‌వర్త్ జైలు గదిలోంచి! తర్వాత దిగబోయే ఏజెంట్ల నకిలీ గుర్తింపు కార్డులకు పేర్లూ నెంబర్లూ కావాలని హాంబర్గ్ అడిగితే, ఆయన పంపాడు, అంటే ఎంఐ5 పంపింది. ఆ కార్డులతో దిగినవాడు దిగకముందే దొరికినట్టు. ఇదంతా ఒక్క మనిషిని నమ్మడం వల్ల జరిగింది, యంత్రం వల్ల కాదు.

ఇక వుల్ఫ్ ష్మిట్ సంగతి వినండి. 1940 సెప్టెంబరులో కేంబ్రిడ్జ్‌షైర్‌లో పారాచ్యూట్‌తో దిగి దొరికిపోయాడు. లండన్ శివార్లలో లాచ్‌మీర్ హౌస్ అనే పెద్ద భవనంలో రాబిన్ స్టీఫెన్స్ అనే అధికారి వేగులను ప్రశ్నించేవాడు. ష్మిట్‌ను అక్కడికి తెచ్చారు, కొద్ది రోజుల్లో బ్రిటన్ వైపు మారిపోయాడు. రహస్యనామం టేట్. అప్పటి నుంచి నాలుగున్నరేళ్లకు పైగా బ్రిటిష్ వాళ్లు చెప్పిందే హాంబర్గ్‌కు పంపాడు. అవతలివాళ్లు ఎంత మెచ్చుకున్నారంటే, ఐరన్ క్రాస్ ఇవ్వాలంటే జర్మన్ పౌరుడై ఉండాలి కాబట్టి వైర్‌లెస్ మీదే పౌరసత్వం ఇచ్చి మరీ పతకం ప్రకటించారు. తోటివాళ్లంతా వరసగా ఉరికంబం ఎక్కుతుంటే ఇతనొక్కడే ఏళ్ల తరబడి క్షేమంగా ఎలా ఉన్నాడని అడగాలి కదా! అడిగితే ఏమవుతుంది? టేట్ అబద్ధమని తేలితే, అతణ్ణి పంపిన అధికారికి గొప్ప ఏజెంటు పోతాడు, పేరు పోతుంది, హాంబర్గ్ కుర్చీ పోయి రష్యా యుద్ధరంగానికి బదిలీ రావచ్చు.

ఈ లెక్క అబ్వేర్ మాడ్రిడ్ శాఖలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హువాన్ పుజోల్ అనే స్పెయిన్‌వాడు నాజీలంటే అసహ్యంతో తనంతట తానే డబుల్ ఏజెంటు (పైకి ఒకరికి, లోపల ఎదుటివాళ్లకు పనిచేసే వేగు) అయ్యాడు. మొదట్లో లిస్బన్‌లో కూర్చుని, లండన్‌లో ఉన్నట్టు ఉత్తరాలు రాశాడు. గ్లాస్గోలో ఒక లీటరు వైన్‌కోసం ఏమైనా చేసే మనుషులున్నారని కూడా రాశాడు. స్కాట్లండ్‌లో వైన్ లీటర్లలో తాగేదెవరు? అయినా మాడ్రిడ్ మింగేసింది. 1942లో బ్రిటన్ చేరాక అతను గార్బో అయ్యాడు, తోమస్ హారిస్ అనే ఎంఐ5 అధికారితో కలిసి 27 మంది కల్పిత సహాయకులను సృష్టించాడు. వాళ్లందరి జీతాలూ జర్మనీయే ఇచ్చింది.

అతని నివేదికలు బెర్లిన్‌కు మోసింది కార్ల్-ఎరిక్ క్యూలెంథాల్. ఆయన నాయనమ్మ అమ్మమ్మల్లో ఒకరు యూదు. ఆ రోజుల్లో అదెంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. గార్బో గొప్ప ఏజెంటుగా ఉన్నంతకాలం క్యూలెంథాల్ క్షేమం. అలాంటి మనిషి తన ఏజెంటును అనుమానిస్తాడా? 1944 జూన్‌లో మిత్రదేశాల సైన్యం ఫ్రాన్స్‌లోని నార్మండీలో దిగిన మూడు రోజులకు గార్బో పంపిన సందేశం ఇది ఎర దాడి మాత్రమేననీ, అసలు దాడి కలే దగ్గర జరుగుతుందనీ చెప్పింది. అది హిట్లర్ కార్యాలయం దాకా వెళ్లింది. కలే దగ్గరి జర్మన్ పదిహేనో సైన్యంలో చాలాభాగం వారాల తరబడి కదల్లేదు.

కోడ్ చదవడం వల్ల బ్రిటన్‌కు ఒక మేలు జరిగింది, ఒప్పుకుంటాను. తాము చెప్పిన అబద్ధాన్ని అవతలివాళ్లు నమ్మారో లేదో వెంటనే తెలిసేది. కానీ నమ్మడమనేది జర్మన్లే చేశారు.

గౌతమి (న్యూజెర్సీ)

బ్రిటన్ ఒక్కటే చూస్తే జర్మన్లకు ఈ పని రానే రాదనిపిస్తుంది. అమెరికా వైపు కూడా చూడండి.

వేగుచుక్క గారు చెప్పిన ఆ రిట్టరే 1937లో న్యూయార్క్ వచ్చాడు. మాన్‌హటన్‌లో నార్డెన్ కంపెనీ విమానాల నుంచి బాంబులు గురిచూసి వేసే పరికరం తయారుచేసేది. అమెరికా సైన్యం దాన్ని ఎంత రహస్యంగా దాచిందో చెప్పలేం. అక్కడ హెర్మన్ లాంగ్ అనే జర్మన్ సంతతి ఉద్యోగి ఉండేవాడు. అతను ఇచ్చిన నకళ్లు గొడుగులో దాచి ఓడలో జర్మనీకి పంపారు. ఇది అసలుసిసలు విజయం. యుద్ధాల మధ్యకాలంలో, దేశాలు ఇంకా తలుపులు మూయనప్పుడు, ఓడల మీద వంటవాళ్లూ నౌకర్లూ ఉత్తరాలు మోస్తూ తిరిగినప్పుడు, ఈ పని ఎంత తేలికో దీన్నిబట్టి తెలుస్తుంది.

కానీ ఆ లాంగ్ కూడా చివరికి దొరికాడు. అతణ్ణి పట్టించిన మనిషి గురించి చదివినప్పుడల్లా నాకు చాలా గౌరవం కలుగుతుంది. విలియం సీబోల్డ్ జర్మనీలో పుట్టి అమెరికా పౌరుడైనవాడు. 1939లో తల్లిని చూడ్డానికి జర్మనీ వెళ్తే నాజీల రహస్య పోలీసు గెస్టాపో బెదిరించింది, మాకు వేగుగా పనిచేయకపోతే నీ సంగతి, నీవాళ్ల సంగతి చూస్తామని. అతను సరేనన్నట్టు తలూపి, కొలోన్‌లోని అమెరికన్ కాన్సులేటుకు వెళ్లి మొత్తం చెప్పేశాడు. తన కుటుంబం ఇంకా ఆ దేశంలోనే ఉంది. ఆ ధైర్యం మామూలుది కాదు.

1940 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో దిగాడు. ఎఫ్‌బీఐ అతనికి 42వ వీధిలో ఒక ఆఫీసు పెట్టించింది. గోడకు అద్దం, దాని వెనక కెమెరా. జర్మన్ ఏజెంట్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని తాము చేసింది చెప్పుకుపోయారు. లాంగ్ ఐలండ్‌లో ఎఫ్‌బీఐ వాళ్లే రేడియో కేంద్రం పెట్టి సీబోల్డ్ పేరుతో 16 నెలలు హాంబర్గ్‌తో మాట్లాడారు. 1941 జూన్‌లో అరెస్టులు. ముఠా నాయకుడు ఫ్రెడరిక్ డ్యుకేన్‌తో సహా 33 మందికి శిక్షలు పడ్డాయి.

వేగుచుక్క గారి మాటకు ఇది కూడా సాక్ష్యమే. 16 నెలలు మాట్లాడినా హాంబర్గ్‌కు అనుమానం రాలేదు.

1942 జూన్‌లో జలాంతర్గాముల నుంచి లాంగ్ ఐలండ్‌లోనూ ఫ్లోరిడాలోనూ ఎనిమిదిమందిని దించారు. అల్యూమినియం ఫ్యాక్టరీలూ రైల్వేలూ పేల్చడానికి. జార్జ్ డాష్ అనేవాడు తనంతట తానే ఎఫ్‌బీఐకి లొంగిపోయి అందరినీ పట్టించాడు. మొదట ఎవరో పిచ్చివాడనుకున్నారు, తెచ్చిన డబ్బంతా బల్ల మీద కుమ్మరించాక గానీ నమ్మలేదు. ఆగస్టు 8న ఆరుగురికి మరణశిక్ష.

పాతకాగితం (చెన్నై)

మన వైపు ఉన్న సంబంధం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

మొదటి యుద్ధంలో జర్మనీ మన విప్లవకారులను వాడుకోవాలని చూసింది, వాళ్లూ జర్మనీని వాడుకోవాలని చూశారు. 1915లో శాన్‌డియెగోలో యానీ లార్సెన్ అనే తెరచాప ఓడలో తుపాకులు ఎక్కించారు. మెక్సికో పడమటి దీవి దగ్గర మావెరిక్ అనే ఇంకో ఓడ వాటిని అందుకుని ఇండియా వైపు తేవాలి. రెండు ఓడలూ కలుసుకోనేలేదు. తుపాకులు చివరికి వాషింగ్టన్ రాష్ట్రంలో పట్టుబడ్డాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో విచారణ జరిగింది. జర్మన్ కాన్సులు ఫ్రాంజ్ బాప్‌కు కూడా శిక్షపడింది. విచారణ ఆఖరి రోజున, 1918 ఏప్రిల్‌లో, అమెరికాలోని భారతీయ విప్లవకారుల గదర్ పార్టీ నాయకుడు రామ్‌చంద్రను కోర్టు హాల్లోనే తోటి నిందితుడు కాల్చి చంపాడు. తమలో వేగులెవరన్న అనుమానం ఆ పార్టీని లోపల్నుంచే తినేసింది.

ఆ గదర్ పార్టీలో మన కనిగిరి ప్రాంతం నుంచి అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన దరిశి చెంచయ్య గారున్నారు. యుద్ధకాలంలో పార్టీ పని మీద ఆసియాకు వచ్చి పట్టుబడి జైలుపాలయ్యారు. ఆయన్ను జర్మన్ ఏజెంటు అనడం పెద్ద తప్పు. స్వాతంత్ర్యం కోసం దొరికిన చేయూత అందుకున్న మనిషి ఆయన. జర్మన్ డబ్బు ముట్టుకున్న ప్రతివాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు.

రెండో యుద్ధంలో కాబూల్ ఉంది. 1941లో సుభాస్ చంద్రబోసును పెషావర్ నుంచి కాబూల్ చేర్చిన భగత్‌రామ్ తల్వార్‌ను జర్మన్లు తమ మనిషనుకున్నారు. డబ్బిచ్చారు, వైర్‌లెస్ ఇచ్చారు. జర్మనీ సోవియట్ మీద దాడి చేశాక, కమ్యూనిస్టు అయిన తల్వార్ వెళ్లి ఆ సంగతంతా సోవియట్ల చేతిలో పెట్టాడు. వాళ్లు అతణ్ణి బ్రిటిష్ వాళ్లతో పంచుకున్నారు. పీటర్ ఫ్లెమింగ్ అనే బ్రిటిష్ అధికారి ఢిల్లీలో కూర్చుని కల్పించిన వార్తలు తల్వార్ నోట కాబూల్ మీదుగా బెర్లిన్ వెళ్లాయి. రహస్యనామం సిల్వర్. తల్వార్ సోదరుడు హరికిషన్ పంజాబ్ గవర్నరు మీద కాల్పులు జరిపి 1931లో ఉరికెక్కాడు. అలాంటి ఇంటి మనిషి బ్రిటిష్ వాళ్లతో కలిసి పనిచేశాడంటే ఫాసిజం మీద ఎంత కోపముండాలో ఆలోచించండి.

1940 జూలైలో ఐర్లండ్ దక్షిణ తీరంలో దిగిన ముగ్గురు జర్మన్ ఏజెంట్లలో ఒకడు లక్నోలో పుట్టిన హెన్రీ ఓబెడ్. మిగతా ఇద్దరూ నైరుతి ఆఫ్రికాకు చెందిన జర్మన్లు. ఐర్లండ్ పల్లెలో ఆనాడు ఒక భారతీయుడు నడిచి వస్తే ఎవరి కళ్లూ అటు తిరగకుండా ఉండవు. అదే రోజు కార్క్‌లో పట్టుబడ్డారు. ఎవరు పంపారో గానీ, ఒక్క నిమిషమైనా ఆ ఊరిని ఊహించుకుని ఉండరు. మంజీర అమ్మ బూట్ల గురించి అన్నది ఇక్కడ ఇంకా బాగా వర్తిస్తుంది.

ఎర్రమట్టి (కర్నూలు)

నాకొక సందేహం. ఇంగ్లిష్ రానివాణ్ణి, బలవంతంగా పంపినవాణ్ణి ఉరి తీయడం న్యాయమేనా? అతని వల్ల బ్రిటన్‌కు జరిగిన నష్టమేముంది?

మంజీర (ఎడిన్‌బరో)

తమ్మీ, నేను గూడ దీని మీద మస్తు ఆలోచించిన. 1940 మే నెలల ట్రెచరీ యాక్ట్ తెచ్చిన్రు. నేరం రుజువైతె మరణశిక్షే, జడ్జి చేతిల వేరే దారి లేదు. అయితె కెంట్‌ల దిగిన నలుగురిలో పోన్స్‌ను జ్యూరీ విడిచిపెట్టింది. దొంగ రవాణా కేసుల జర్మన్లు పట్టుకుని బెదిరిస్తె వచ్చిన, దిగినంక లొంగిపోదామనుకున్న అన్నడు. నమ్మిన్రు. అదే మాట చెప్పిన కీబూమ్‌ను నమ్మలే. ఒకే పడవ, ఒకే కారణం, ఒకరికి ప్రాణం, ఒకరికి ఉరి. బాంబులు పడుతున్న రోజులల్ల ఆ జ్యూరీ ఒక్కరినన్న విడిచిపెట్టిందంటె వాళ్ల మనసుల నేను గౌరవం చూస్త. అయితె కీబూమ్‌కు న్యాయం జరిగిందని మాత్రం అనలేను.

యోసెఫ్ యాకోబ్స్‌ది ఇంకో తీరు. 1941 జనవరి ఆఖరు రాత్రి హంటింగ్‌డన్‌షైర్ల పారాచ్యూట్‌తోని దిగంగ కాలు మడమ దగ్గర ఇరిగింది. రాత్రంత పొలంల పడున్నడు, తెల్లారినంక ఓర్సుకోలేక పిస్తోలు పేల్చి తనే మనుషులను పిలుచుకున్నడు. ఆగస్టు 15న టవర్‌ల కుర్చీల కూసోబెట్టి కాల్చిన్రు. ఆ టవర్‌ల మరణశిక్ష పడ్డ ఆఖరి మనిషి ఆయనే. ఒక్క సందేశం గూడ పంపలే. అసలు పంపే మోకా గూడ దొరకలే. ష్మిట్ తీరుగ ఆయనకూ బతికే దారి చూపియొచ్చు కద అని నాకనిపిస్తది. అయితె దొరికిన సంగతి నలుగురికీ తెలిసినోన్ని డబుల్ ఏజెంటుగ వాడలేరు. గుట్టుగ దొరికినోడు బతికిండు, ఊరంత చూస్తుండంగ దొరికినోడు పోయిండు.

టెర్ బ్రాక్ అని ఒక డచ్చాయన మాత్రం దొరకనే లేదు. కేంబ్రిడ్జ్‌ల కిరాయికి గది తీస్కొని నెలల తరబడి ఉన్నడు. పైసలు అయిపోయినయి, హాంబర్గ్ నుంచి సాయం రాలే. 1941 ఏప్రిల్‌ల బాంబుల నుంచి తలదాచుకునే షెల్టర్ల తుపాకితోని కాల్చుకున్నడు. అబద్ధం చెప్పిన టేట్‌కేమో అబ్వేర్ వేల పౌండ్లు పంపింది.

సోమశిల (నెల్లూరు)

మంజీర గారి చివరి మాట నా వాదనను కొంత కదిలించింది. అయినా ఇంకో కోణం ఉంది. అబ్వేర్ అధిపతి అడ్మిరల్ కనారిస్ హిట్లర్‌ను లోలోపల వ్యతిరేకించాడు. ఆయన కింద పనిచేసిన హాన్స్ ఓస్టర్ 1940లో హాలండ్ మీద దాడి తేదీని డచ్ సైనిక ప్రతినిధి సాస్‌కు ముందే చెప్పేశాడు. హాంబర్గ్ శాఖాధిపతి విష్మాన్ కావాలనే పనికిరానివాళ్లను పంపాడని, బ్రిటన్ మీద దాడి జరగకూడదనే అలా చేశాడని వాదించే చరిత్రకారులున్నారు. అలాగైతే నమ్మిచెడ్డారు అనలేం, తెలిసే చెడగొట్టారు అనాలి.

వేగుచుక్క (విజయవాడ)

ఓస్టర్ సంగతి నిజం, కాదనను. ఆయననూ కనారిస్‌నూ 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఒకే రోజు ఉరి తీశారు. ఆ మనుషుల ధైర్యానికి తలవంచుతాను. కానీ విష్మాన్ విషయంలో ఆ వాదన నాకు మింగుడుపడదు. హిట్లర్‌ను ఎదిరించడానికి మాయర్, కీబూమ్ లాంటివాళ్లను తెలిసి ఉరికంబానికి పంపాడంటే, అది ఎదిరించడమెలా అవుతుంది? ఓస్టర్ తన ప్రాణాన్ని పణంగా పెట్టాడు. ఇక్కడ పణం ఎదుటివాడి ప్రాణం.

ఇంకో సంగతి. చెడగొట్టడమే ఉద్దేశమైతే నిజమైన సమాచారం వచ్చినప్పుడు అబ్వేర్‌కు ఏ సంబంధమూ లేనివాళ్లు కూడా ఎందుకు తోసిపుచ్చారు? 1943 అక్టోబరు నుంచి అంకారాలో బ్రిటిష్ రాయబారి ఇంట్లో పనిచేసే ఎల్యేసా బాజ్నా, రాయబారి పెట్టెలోని పత్రాలు ఫోటో తీసి జర్మన్ ఎంబసీకి అమ్మాడు. రహస్యనామం సిసెరో. వాటిని కొన్నది అబ్వేర్ కాదు, దానికి పోటీగా ఉన్న ఎస్‌డీ అనే నాజీ గూఢచారి సంస్థ. యుద్ధం మొత్తంలో వాళ్లకు దొరికిన మేలైన సరుకుల్లో అదొకటి. విదేశాంగమంత్రి రిబెన్‌ట్రాప్ అనుమానించాడు, ఎస్‌డీ వాళ్లతో అతనికి పడదు. పత్రాలు నిజమా కాదా అని ఆ శాఖలు తగువులాడుకుంటుండగానే వాటికి కాలం చెల్లింది. బాజ్నాకు ఇచ్చిన పౌండ్లలో చాలాభాగం జర్మన్లు అచ్చువేసిన దొంగనోట్లు. గార్బో అబద్ధాన్ని నమ్మినవాళ్లే సిసెరో నిజాన్ని శంకించారు. రెండుచోట్లా తూచింది సమాచారాన్ని కాదు, ఎవరి శాఖకు లాభమనేదాన్ని.

తరంగం (హైదరాబాద్)

టేట్ గురించి ఒక్క మాట కలుపుతాను. ష్మిట్ వెయ్యికి పైగా సందేశాలు పంపాడు. 1944లో సముద్రంలో కొత్తగా మందుపాతరలు పరిచారని అతని చేత చెప్పించారు. లేని ఆ పాతరలకు భయపడి జర్మన్లు జలాంతర్గాములను ఐర్లండ్ దక్షిణాన చాలా పెద్ద మేరకు వెళ్లవద్దన్నారు. ఎన్ని ఓడలు, ఎంతమంది నావికులు దానివల్ల బతికారో. ఎదురుగా మునిగే ఓడ లేకుండా, మోర్స్ తాళం మీద వేళ్లతో చేసిన పని అది.

1945 మే మొదట్లో హాంబర్గ్ బ్రిటిష్ సైన్యం చేతికి చిక్కే దాకా అటువైపు ఆపరేటర్లు అతనికి జవాబిస్తూనే ఉన్నారు. యుద్ధం తర్వాత ష్మిట్ జర్మనీకి వెళ్లలేదు. హ్యారీ విలియమ్సన్ అనే పేరుతో ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాడు, ఫోటోగ్రాఫర్‌గా బతికాడు. వోల్‌డోర్ఫ్ కేంద్రం పరికరాల గురించి, యాంటెనాల గురించి ఎవరికైనా ఆసక్తి ఉంటే చెప్పండి, దానికి వేరే చర్చ మొదలుపెడతాను.